ఒకే పేరు, రెండు వార్డులు: వేల్స్ బొగ్గు పట్టణంలో ఒక కౌన్సిల్ ఎన్నిక కేసు

పాత రికార్డులు వెతికి కుటుంబ చరిత్రలు నిర్ధారించడం నా వృత్తి. దక్షిణ వేల్స్ బొగ్గు లోయల్లో బతికినవాళ్ల మనవలు, మునిమనవలే నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. ఈ కేసు రాసిపెట్టాలనిపించడానికి కారణం ఉంది. ఇంట్లో చెప్పుకునే కథ, ఊరి లైబ్రరీలో ఉన్న జాబితా, బైబిల్లో దాచిన పేపర్ కటింగ్, మూడూ ఒకే మాట చెప్పాయి. మూడూ కలిసి చెప్పినా ఆ మాట తప్పు. మన దగ్గర పంచాయతీ, మున్సిపాలిటీ రికార్డుల్లో తాతల పేర్లు వెతికేవాళ్లకు కూడా ఇది పనికొస్తుందని నా నమ్మకం.

క్లయింట్ అనుమతితోనే రాస్తున్నాను. పట్టణం, వీధి, చాపెల్, గని పేర్లు తీసేశాను. ఓట్ల అంకెలు ఇవ్వడం లేదు, వాటిని బట్టి ఊరు పట్టేయొచ్చు. మనిషిని డేవిడ్ జోన్స్ అంటాను. అసలు పేరు అది కాదు గానీ, అదీ ఇంతే మామూలు పేరు.

నేపథ్యం

గ్లామోర్గన్ కౌంటీ జనాభా 1801లో దాదాపు 71 వేలు. 1911కి 11 లక్షల 20 వేలు. అంత జనాన్ని లాక్కొచ్చింది ప్రధానంగా బొగ్గు, ఇనుము. 1913లో దక్షిణ వేల్స్ గనులు సుమారు 5.7 కోట్ల టన్నుల బొగ్గు తవ్వాయి. లోయ అడుగున ఏరు, రైలు పట్టాలు, గని. కొండవాలు మీద ఒకదానికొకటి ఆనుకున్న వరస ఇళ్లు. ఒక్కో ఇంట్లో సొంత కుటుంబంతో పాటు అద్దెకు ఉండే కుర్రాళ్లు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్లు.

ఈ ఇళ్లకు నీళ్లు, మురుగు కాలవలు, రోడ్లు, వీధి దీపాలు చూసుకోవడానికి 1894 లోకల్ గవర్నమెంట్ చట్టం అర్బన్ డిస్ట్రిక్ట్ కౌన్సిళ్లను పెట్టింది. దాదాపు మన నగర పంచాయతీ స్థాయి. జనాభా 20 వేలు దాటిన చోట 1902 చట్టంతో ప్రాథమిక బడులు కూడా వీటి చేతికే వచ్చాయి. కౌన్సిలర్లకు జీతం లేదు. పదవీకాలం మూడేళ్లు. ఏటా మూడో వంతు మంది ఏప్రిల్ 15న దిగిపోతారు, ఆ సీట్లకు అంతకు ముందు, వసంతంలో ఎన్నిక జరుగుతుంది. కౌంటీ కౌన్సిల్ ఒప్పుకుంటే అందరూ మూడేళ్లకోసారి ఒకేసారి దిగిపోయే పద్ధతి కూడా ఉండేది. మన పట్టణం మొదటి రకం. ఇది చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ, కేసు చివరికి దీని మీదే తేలింది.

చట్టంలో ఇంకో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, పోటీ చేయడానికి ఆస్తి అక్కర్లేదు. ఓటరై ఉండాలి, లేకపోతే ఎన్నికకు ముందు పన్నెండు నెలలు ఆ పట్టణంలో నివాసం ఉండాలి. రెండోది, పార్లమెంటు ఓటు లేని ఆడవాళ్లకు ఇక్కడ ఓటుంది. ఇంటి పన్ను కట్టే వితంతువులు, పెళ్లికాని ఆడవాళ్లు ఓటర్ల జాబితాలో ఉంటారు. నామినేషన్‌ను ప్రతిపాదించొచ్చు, బలపరచొచ్చు.

ఇక పేర్లు. వేల్స్‌లో ఇంటిపేర్లు చాలా తక్కువ. జోన్స్, డేవిస్, విలియమ్స్, ఇవాన్స్, థామస్ అనే నాలుగైదింటితో సగం వీధి నిండిపోతుంది. అందుకే ఊళ్లో మనుషుల్ని వృత్తితోనో, పుట్టిన పొలం పేరుతోనో, చాపెల్‌తోనో కలిపి పిలుచుకునేవాళ్లు. రికార్డుల్లోకి మాత్రం ఉత్త 'మిస్టర్ డి. జోన్స్' ఎక్కుతాడు.

వచ్చిన సమస్య

క్లయింట్ డెబ్బై దాటిన రిటైర్డ్ టీచర్. వాళ్ల ముత్తాత పేరు మీద ఊళ్లో ఒక ఫలకం పెడదామని స్థానిక చరిత్ర సంఘం అనుకుంది. ఆమె రాసిచ్చిన వాక్యం ఇది: డేవిడ్ జోన్స్, 1907లో కౌన్సిల్‌కు గెలిచిన ఈ ఊరి తొలి లేబర్ కౌన్సిలర్, గెలిచినందుకు గని ఉద్యోగం పోగొట్టుకున్నవాడు, 1919 దాకా పదవిలో ఉన్నవాడు.

అంతలో ఇంకో కుటుంబం సంఘానికి ఉత్తరం రాసింది. 1907లో గెలిచిన డేవిడ్ జోన్స్ మా తాతగారు, పచారీ కొట్టు యజమాని, లిబరల్ అని వాళ్ల వాదన. పైగా వాళ్ల దగ్గర ఒక గట్టి పాయింట్ ఉంది. 1907 నాటి ఓటర్ల జాబితాలో గని కార్మికుడు డేవిడ్ జోన్స్ పేరే లేదు, ఓటే లేనివాడు పోటీ ఎలా చేస్తాడు అని అడిగారు.

రెండు కుటుంబాలూ ఒకే ఊళ్లో ఉంటాయి, ఒకరికొకరు తెలుసు. సంఘం వాళ్లు టెన్షన్ పడి, తేల్చమని క్లయింట్‌నే అడిగారు. ఆమె నన్ను అడిగింది. పని ఒప్పుకునే ముందు ఆమెతో ఒక మాట అనుకున్నాను. ఏం తేలితే అది రెండు కుటుంబాలకూ ఒకే రూపంలో, ఒకే రోజు ఇస్తాను. ఆమె సరేనంది. డబ్బు ఇచ్చేవాళ్ల కథ గెలవాలనే ఒత్తిడి ఇలాంటి కేసుల్లో పైకి కనపడదు. అందుకే ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవడం నాకు అలవాటు.

మొదట చూసింది: కటింగ్

ఇంటి బైబిల్లో ఒక సన్నని పేపర్ కటింగ్ ఉంది. ఇంగ్లీషులో ఉంది. వార్డు పేరు కనపడదు. డేవిడ్ జోన్స్ పేరు, పక్కన ఓట్ల అంకె, దాని కింద ఇంకొకరి పేరు, కాస్త తక్కువ అంకె. అంచున పెన్సిల్‌తో 1907 అని రాసి ఉంది. కుటుంబం దీన్ని చూసే ఆయన గెలిచాడని అనుకుంటూ వచ్చింది. జాబితాలో పైన ఉన్నాడు కదా మరి.

పెన్సిల్ రాత ఎవరిదో తెలియదు కాబట్టి దాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. కటింగ్‌ను తిరగేశాను. వెనక పక్క ఒక ఐస్టెడ్‌వోడ్ ప్రకటన ముక్క ఉంది, పాటల పోటీ అన్నమాట. తేదీ భాగం చిరగలేదు: ఈస్టర్ సోమవారం, ఏప్రిల్ 1. ఈస్టర్ ఏటా మారుతుంది కాబట్టి ఇది మంచి ఆధారం. ఈ కౌన్సిళ్లు పుట్టిన 1894 నుంచి 1920 దాకా ఈస్టర్ సోమవారం ఏప్రిల్ 1న పడింది రెండేసార్లు, 1907లో, 1918లో. యుద్ధం వల్ల 1915 నుంచి స్థానిక ఎన్నికలు ఆగిపోయాయి, మళ్లీ 1919లోనే జరిగాయి. కాబట్టి 1918 కుదరదు. పెన్సిల్ రాసినవాళ్లు సంవత్సరం సరిగ్గానే రాశారు.

తర్వాత భూతద్దం పెట్టి పై అంచు చూశాను. కత్తెర నిటారుగా వెళ్లింది. కానీ డేవిడ్ జోన్స్ పేరుకు పైన, అంచు పొడవునా చిన్న చిన్న నల్లని కొసలున్నాయి. అచ్చులో గీత కిందకి దిగే అక్షరాల తోకలు అవి. అంటే పైన ఇంకో వరస ఉంది, అది కటింగ్‌లో రాలేదు. అక్కడ ఉన్నది శీర్షిక కావచ్చు, ఇంకో అభ్యర్థి పేరు కావచ్చు. ఆ దశలో రెంటిలో ఏదో చెప్పలేం. కానీ 'జాబితాలో పైన ఉన్నాడు' అనే మాట మీద ఇక ఏదీ నిలబెట్టలేం.

పేరు పెట్టి వెతకడం ఎందుకు పనిచేయలేదు

వేల్స్ నేషనల్ లైబ్రరీ 1919 వరకు పాత పేపర్లను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది. పది లక్షలకు పైగా పేజీలు. ఎవరైనా మొదట చేసేది పేరు కొట్టి చూడటమే. డేవిడ్ జోన్స్ అని కొడితే ఏమవుతుందో ఊహించుకోండి. పట్టణం పేరు కలిపినా అంత్యక్రియలు, ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, కోర్టు జరిమానాలు, ప్రార్థన సభలు అన్నీ వస్తాయి. అందులో ఎవరు మనవాడో చెప్పే గుర్తు ఉండదు.

వెల్ష్ పేపర్లలో ఇంకా కష్టం. ఆ భాషలో ముందు మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారిపోతుంది, ఊరి పేర్లు కూడా మారతాయి. కౌన్సిల్ అనే మాటకు ఇప్పుడు లేని ఒక హెచ్ అక్షరం అప్పటి రాతలో ఉండేది. ఇప్పటి అక్షరక్రమంతో కొడితే పాత వార్త తగలదు. పైగా స్కాన్ నుంచి యంత్రం చదివిన అక్షరాల్లో తప్పులు. ఇవన్నీ సరిచేసుకుంటూ వెతికితే 1907 ఫలితం దొరికింది. దొరికాక చిక్కు పెరిగింది: ఒక పేపర్లో ఒక వార్డులో డేవిడ్ జోన్స్ పేరు పక్కన లేబర్ అని ఉంది, ఇంకో పేపర్లో లిబ్-లాబ్ (లిబరల్స్‌తో కలిసి నడిచే కార్మిక అభ్యర్థి) అని ఉంది, వేరే వార్డులో ఇంకో డేవిడ్ జోన్స్ లిబరల్‌గా గెలిచాడు. సంపాదకీయాల్లో మాత్రం 'మిస్టర్ డేవిడ్ జోన్స్ విజయం' అని ఒక్క ముక్కే.

కార్డిఫ్‌లో వచ్చే వెస్టర్న్ మెయిల్ కన్జర్వేటివ్ వైపు పేపర్, సౌత్ వేల్స్ డైలీ న్యూస్ లిబరల్ వైపు పేపర్. అభ్యర్థి పక్కన ఏ ముద్ర పడిందనేది రాసినవాడి మీద కూడా ఆధారపడేది. అందుకే పార్టీ ముద్రను మనిషిని గుర్తుపట్టడానికి వాడకూడదని అక్కడే నిర్ణయించుకున్నాను.

లైబ్రరీ జాబితా: ఇక్కడ ఆగిపోవచ్చు అనిపించిన చోటు

పట్టణ లైబ్రరీలో టైప్ చేసిన కౌన్సిలర్ల జాబితా ఒకటి ఉంది. అందులో డేవిడ్ జోన్స్, 1907–1919 అని ఒకే ఎంట్రీ. క్లయింట్ దీన్ని చూసి చాలా సంతోషించింది. ఆమె ఇంట్లో చెప్పుకునే సంవత్సరాలు అవే మరి. ఇక చాలు కదా అని అడిగింది.

నేను వద్దన్నాను. ఎందుకంటే ఆ జాబితా ఎప్పుడో తర్వాత ఎవరో తయారు చేసింది. దానికి మూలం కౌన్సిల్ మినిట్స్ పుస్తకాలే అయి ఉండాలి. మినిట్స్‌లో ఉండేది పేరు ఒక్కటే, వృత్తి ఉండదు, చిరునామా ఉండదు. ఒకే పేరు పన్నెండేళ్లు ఆగకుండా కనిపిస్తే, జాబితా రాసే మనిషి దాన్ని ఒక్కడిగానే లెక్కేస్తాడు. ఆపైన ఇంట్లో కథ కూడా ఆ జాబితా నుంచే వచ్చి ఉండొచ్చు. క్లయింట్ తల్లి ఆ లైబ్రరీకి వెళ్లి నోట్సు రాసుకున్న సంగతి మాట్లాడుతుంటే బయటపడింది. అంటే రెండు సాక్ష్యాలు అనుకున్నవి నిజానికి ఒకటే కావచ్చు.

పనిచేసింది: మనిషిని వదిలి సీటును పట్టుకోవడం

ఇక్కడ దారి మార్చాను. డేవిడ్ జోన్స్ ఎవరు అని అడగడం ఆపి, ఆ పట్టణంలో ఒక్కో వార్డులో ఒక్కో సీటు ఎప్పుడు ఖాళీ అయింది, అందులో ఎవరు కూర్చున్నారు అని అడిగాను. ఏటా మూడో వంతు దిగిపోతారు కాబట్టి ప్రతి సీటుకూ ఒక మూడేళ్ల చక్రం ఉంటుంది. 1907లో నిండిన సీటు మళ్లీ 1910లో, 1913లో తెరుచుకుంటుంది. 1916లో యుద్ధం వల్ల ఎన్నిక లేదు కాబట్టి ఉన్నవాళ్లే కొనసాగుతారు. ఒక పెద్ద కాగితం మీద నిలువున వార్డులు, సీట్లు, అడ్డంగా సంవత్సరాలు గీసుకుని, 1904 నుంచి నింపుకుంటూ వచ్చాను. పేర్ల పక్కన వృత్తి, చిరునామా దొరికినంత వరకు రాశాను.

మినిట్స్ అంతా చదవక్కర్లేదు. ఏప్రిల్‌లో జరిగే వార్షిక సమావేశం చాలు. ఆ రోజు మాత్రం సభ్యుల్ని వార్డుల వారీగా రాస్తారు, కమిటీలు వేస్తారు. 1907 ఏప్రిల్ పేజీలో డేవిడ్ జోన్స్ ఒక్కడే ఉన్నాడు, పట్టణం మధ్యలో దుకాణాలున్న వార్డు తరఫున. 1910 ఏప్రిల్ పేజీలోనూ డేవిడ్ జోన్స్ ఒక్కడే, కానీ వేరే వార్డు, గని పక్కనున్న వార్డు. కమిటీలు కూడా మారాయి. 1907 మనిషి ఫైనాన్స్ కమిటీలో ఉన్నాడు. 1910 మనిషి ఆరోగ్యం, ఇళ్ల కమిటీలో ఉన్నాడు. ఒకాయన దిగిన రోజే, అదే పేరున్న ఇంకొకాయన ఎక్కాడు. మధ్యలో ఒక్క సమావేశం కూడా డేవిడ్ జోన్స్ లేకుండా లేదు. లైబ్రరీ జాబితా ఇద్దర్ని ఒకరిగా కుట్టేసింది ఇక్కడే.

అయితే వార్డు మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు. ఒకే కౌన్సిలర్ వార్డు మార్చి నిలబడటం ఎక్కడైనా జరుగుతుంది. అందుకని నామినేషన్లకు వెళ్లాను. ఈ ఊరి వారపత్రిక అభ్యర్థుల చిరునామా, వృత్తి మాత్రమే కాకుండా ప్రతిపాదించినవాళ్లు, బలపరిచినవాళ్ల పేర్లు కూడా అచ్చువేసింది. ఇది నిజంగా అదృష్టం.

1907లో గని వార్డులో నామినేషన్ వేసిన డేవిడ్ జోన్స్ వృత్తి 'కోలియర్', అంటే బొగ్గు కొట్టే కార్మికుడు. ప్రతిపాదించింది ఇంకో కోలియర్. బలపరిచింది ఒక వితంతువు. అభ్యర్థి చిరునామా, ఆ వితంతువు చిరునామా ఒకటే. ఫలితంలో అతను రెండోవాడు. గెలిచినవాడికీ అతనికీ తేడా వేళ్ల మీద లెక్కపెట్టేంత. కటింగ్‌లో పైన తెగిపోయిన వరస గెలిచినవాడిదే.

1910లో అదే వార్డు, అదే సీటు, అదే చిరునామా. ఈసారి వృత్తి 'చెక్‌వేయర్', అంటే బొగ్గు తూకాన్ని కార్మికుల తరఫున చూసే మనిషి. ఎదురు నామినేషన్ లేదు. ఏకగ్రీవం, పోలింగ్ జరగలేదు. ఫలితాల పేజీలో వెతికినవాళ్లకు 1910 విజయం అసలు కనపడకపోవడానికి కారణం అదే. ఓట్లు లేని చోట వార్త ఒక్క వాక్యంలో ముగిసిపోతుంది.

ఇక మిగిలింది ఈ మనిషే క్లయింట్ ముత్తాత అని చూపడం. 1911 జనాభా లెక్కల్లో ఇంటి యజమాని స్వయంగా నింపిన కాగితాలే దాచారు. అంతకు ముందు లెక్కల్లో ఎన్యూమరేటర్ తిరగరాసిన పుస్తకాలే మిగిలాయి. వేల్స్‌లో వెల్ష్ భాషలో కూడా ఫారం ఇచ్చారు. ఈ ఇంటివాళ్లు వెల్ష్ ఫారమే నింపారు. ఇంటి యజమాని డేవిడ్ జోన్స్, చెక్‌వేయర్. భార్య, ఒక బిడ్డ. చివరి వరసలో అత్తగారు, వితంతువు. పేరు చూస్తే 1907లో నామినేషన్ బలపరిచిన ఆవిడే. ఇల్లూ అదే. అద్దెకున్న ఇంటి అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు, ఇంటి పన్ను పుస్తకంలో ఆవిడ పేరు పోయి అతని పేరు ఎక్కింది. అక్కడి నుంచి క్లయింట్ వరకు జనన, వివాహ పత్రాల గొలుసు ఎక్కడా తెగలేదు.

ఇంకో చిన్న రుజువు కూడా దొరికింది. కౌన్సిల్ గుమస్తాకు వచ్చిన ఉత్తరాల కట్టలో, 1911 చలికాలంలో ఆయన రాసిన అర పేజీ ఉంది. వీధి చివర దీపం వెలగడం లేదని, రాత్రి షిఫ్టు దిగివచ్చేవాళ్లు మెట్ల దగ్గర పడుతున్నారని రాశాడు. కింద సంతకం. జనాభా లెక్కల ఫారం మీద సంతకంతో పక్కపక్కన పెట్టి చూస్తే జోన్స్‌లోని జే ఒకే తీరుగా, కింద పెద్ద కొక్కెంతో ఉంది. సంతకం ఒక్కదాని మీద నేను ఏదీ తేల్చను. చిరునామా, బంధుత్వం ముందే నిలబడ్డాయి కాబట్టి దీన్ని వాటికి తోడుగా చేర్చాను.

ఓటు లేనివాడు పోటీ ఎలా చేశాడు

రెండో కుటుంబం అడిగిన ప్రశ్న సరైనదే, దానికి జవాబు ఇవ్వాలి. 1907 జాబితాలో అతని పేరు నిజంగానే లేదు. అద్దె గదిలో ఉండేవాడు ఓటు తెచ్చుకోవాలంటే గది విలువ ఏడాదికి పది పౌండ్లు ఉండాలి, ప్రతి ఏటా తనే దరఖాస్తు పెట్టుకోవాలి. వరస ఇళ్లలో పడకను పంచుకుని బతికే కుర్రాళ్లలో చాలామందికి అది అందదు. కానీ 1894 చట్టం ప్రకారం పన్నెండు నెలల నివాసం ఉంటే పోటీకి అర్హత వస్తుంది. ఓటు వేయలేడు, ఓటు అడగొచ్చు. అదే జాబితాలో స్థానిక ఎన్నికలకు మాత్రమే ఓటున్నవాళ్ల భాగంలో అతని కాబోయే అత్తగారి పేరు ఉంది. 1907లో ఆ ఇంట్లో కౌన్సిల్ ఓటు ఉన్నది ఆవిడ ఒక్కరికే. ఈ సంగతి చెప్పినప్పుడు క్లయింట్ చాలాసేపు ఆవిడ గురించే అడిగింది. ఫలకం మీద ఆవిడ పేరు ఉండాలని నేను గట్టిగా చెప్పాను.

ఉద్యోగం పోయిందన్న మాట

కుటుంబానికి అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇది. గెలిచినందుకు కంపెనీ తీసేసిందని మూడు తరాలుగా చెప్పుకున్నారు.

చెక్‌వేయర్ అంటే ఎవరో ముందు తెలియాలి. బొగ్గు కొట్టేవాడికి కూలి టన్ను లెక్కన. సింగరేణిలో టబ్బులు అన్నట్టు అక్కడ డ్రామ్‌లు అంటారు. నిండిన డ్రామ్ పైకి వచ్చాక కంపెనీ మనిషి తూచి రాస్తాడు. ఆ తూకం సరిగ్గా ఉందో లేదో పక్కన నిలబడి చూడటానికి కార్మికులు తమ సొంత మనిషిని పెట్టుకునే హక్కు 1860 చట్టంతో వచ్చింది. మొదట్లో అతను ఆ గని కార్మికుడే అయి ఉండాలి. 1887 చట్టం ఆ షరతు తీసేసింది. చెక్‌వేయర్‌ను కార్మికులు ఓటేసి ఎన్నుకుంటారు, జీతం వాళ్లే ఇస్తారు. మేనేజర్‌కు నచ్చకపోతే కోర్టుకు వెళ్లాల్సిందే, తనంతట తాను తీసేయలేడు.

ఇప్పుడు కథను దీని పక్కన పెట్టి చూడండి. 1910లో గెలిచేనాటికి అతను చెక్‌వేయర్. కంపెనీ జీతం తీసుకోనివాణ్ని గెలిచినందుకు కంపెనీ ఉద్యోగం నుంచి ఎలా తీసేస్తుంది? కాబట్టి కథ ఉన్నది ఉన్నట్టుగా నిజం కాదు. అలాగని కొట్టిపారేయాల్సిన పని కూడా లేదు. 1907 మార్చిలో ఒక గనిలో కోలియర్. 1908 చివర్లో పేపర్లో చిన్న వార్త, ఇంకో గని కార్మికుల సమావేశం అతన్ని చెక్‌వేయర్‌గా ఎన్నుకుంది. ఆ మధ్య మొదటి గని వదిలాడు. తీసేశారా, తనే మానేశాడా అని చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. పని పోవడం నిజంగా జరిగి ఉంటే, అది ఓడిపోయిన తర్వాత, చెక్‌వేయర్ కాకముందు జరిగి ఉండాలి. చట్టం, తేదీలు ఇంతవరకే ఒప్పుకుంటాయి.

1921 జనాభా లెక్కల్లో యజమాని పేరు రాయాల్సిన గడి ఉంది. ఆ ఏడాది జూన్ 19న, గనుల లాకౌట్ నడుస్తుండగా ఆ లెక్క తీశారు. అతని గడిలో కంపెనీ పేరు లేదు, ఫలానా గని కార్మికులు అని ఉంది. ఎవరి ఉప్పు తిన్నాడో అంతకన్నా స్పష్టంగా ఏ రికార్డూ చెప్పదు.

పగలు జరిగే కమిటీ సమావేశాలకు భూమి లోపల షిఫ్టులో ఉన్న కోలియర్ రాలేడు. తనను పోషించే కార్మికులే పంపితే చెక్‌వేయర్ రాగలడు. ఆ రోజుల్లో బొగ్గు పట్టణాల కౌన్సిళ్లలో ఇంతమంది చెక్‌వేయర్లు కనపడటానికి ఇదొక పెద్ద కారణమని నా అభిప్రాయం.

'తొలి లేబర్ కౌన్సిలర్'

దీన్ని తేల్చడం కుదరదని రాశాను. దక్షిణ వేల్స్ మైనర్స్ ఫెడరేషన్ 1898లో పుట్టింది. బ్రిటన్ మైనర్స్ ఫెడరేషన్ 1908లో ఓటింగ్ పెట్టుకుని 1909లో లేబర్ పార్టీలో చేరింది. అంతకు ముందు మేబన్ అని పిలిచే విలియం అబ్రహాం లాంటి నాయకులు కార్మికుల తరఫునే ఉంటూ లిబరల్స్‌తో కలిసి నడిచారు. 1907లో పేపర్లో లేబర్ అని పడితే అది పార్టీ సభ్యత్వం కావచ్చు, కార్మికుల అభ్యర్థి అనే మామూలు అర్థం కావచ్చు. పైగా ఈ ఊళ్లో అంతకు ముందే కౌన్సిల్‌లో ఉన్న ఇద్దరు చెక్‌వేయర్లు నా పట్టికలో కనిపించారు. వాళ్లను ఏమనాలి? 'తొలి' అనే మాట తీసేయమన్నాను.

ఏం నేర్చుకోవచ్చు

ఒకే పేరు ఎక్కువమందికి ఉన్న చోట మనిషి నుంచి మొదలుపెట్టకూడదు. పదవికి ఒక నియమం ఉంటుంది, సీటుకు ఒక కాలం ఉంటుంది. వాటిని ముందు నింపితే మనిషి ఎక్కడ పట్టడో తెలుస్తుంది. మన దగ్గర సర్పంచుల జాబితాలతో పనిచేసేవాళ్లు కూడా రిజర్వేషన్ మారిన సంవత్సరాలు, ఎన్నికలు వాయిదా పడిన సంవత్సరాలు ముందు రాసుకుంటే సగం అనుమానాలు తీరతాయి.

ఏకగ్రీవాలు ఫలితాల్లో దొరకవు, నామినేషన్ వార్తల్లో దొరుకుతాయి. బలపరిచినవాళ్ల పేర్లు ఎప్పుడూ వదలొద్దు. అభ్యర్థి తన గురించి చెప్పుకునే దానికన్నా, అతని కోసం సంతకం పెట్టింది ఎవరన్నది ఎక్కువ చెబుతుంది. రెండు సాక్ష్యాలు కలిశాయని సంతోషపడే ముందు ఒకటి ఇంకోదాని నుంచి పుట్టలేదని చూసుకోవాలి. కుటుంబ కథ చట్టానికి అడ్డం వస్తే, కథలో ఏ ముక్క ఏ సంవత్సరానికి చెందుతుందో విడదీసి చూడాలి. ఈ కేసులో 1907 ఓటమి, మధ్యలో పని మారడం, 1910 గెలుపు కలిసి ఒకే ఏడాదిగా మారాయి.

ఫలితం

నివేదిక రెండు కుటుంబాలకూ ఒకే రోజు వెళ్లింది. ముత్తాత 1907లో ఓడిపోయాడన్నది క్లయింట్‌కు మొదట మింగుడు పడలేదు. రెండు రోజులకు ఫోన్ చేసి ఆ ఓటమి కూడా ఫలకం మీద ఉండాలంది. చివరికి కుదిరిన వాక్యం ఇది: డేవిడ్ జోన్స్, గని కార్మికుల చెక్‌వేయర్, 1907లో పోటీ చేసి కొద్ది ఓట్లతో ఓడి, 1910 నుంచి 1919 వరకు ఈ వార్డు కౌన్సిలర్. కింద వరసలో అత్తగారి పేరు, ఆయన మొదటి నామినేషన్‌ను బలపరిచిన ఓటరుగా. ఉద్యోగం పోయిన సంగతి ఫలకం మీద లేదు. 'కుటుంబ కథనం, నిర్ధారణ కాలేదు' అన్న గుర్తుతో చరిత్ర సంఘం ఫైల్లో ఉంది. లైబ్రరీ వాళ్లు తమ జాబితాలో ఆ ఎంట్రీని రెండుగా విడగొట్టారు.

పచారీ కొట్టు జోన్స్ గారి మనవరాలు ఇప్పుడు ఇంకో ప్రశ్న వేసింది: మా తాత ఒక్క విడతకే ఎందుకు ఆగిపోయాడు? 1910లో ఆయన నామినేషనే వేయలేదు. ఓపిక లేకపోవచ్చు, వ్యాపారం చూసుకుందామనుకుని ఉండొచ్చు. దివాలా తీసినవాడు కౌన్సిల్‌లో ఉండటానికి 1894 చట్టం ఒప్పుకోదు, దివాలా నోటీసులు లండన్ గెజెట్‌లో పడతాయి. అలా జరిగిందని అనుకోవడానికి ఇప్పటికైతే ఆధారం ఏమీ లేదు. కానీ అవునో కాదో త్వరగా తేలిపోయే రికార్డు కాబట్టి, 1909, 1910 సంచికలతో మొదలుపెట్టాను.